నాలుగు వందల మీటర్లు

మా ఊరు పెనుగొండ. సిద్ధాంతం నుంచి మార్టేరు వెళ్ళే దారిలో, కాలువగట్ల నడుమ, వరిచేల మధ్య ఉన్న చిన్న ఊరు. వాసవీ కన్యకాపరమేశ్వరి జన్మస్థలమని ఆర్యవైశ్య సోదరులు విశ్వసించడం వల్ల ఏడాది పొడవునా ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు ఇక్కడికి వస్తుంటారు. కాబట్టి చేతిలో సంచీ, కళ్ళలో బెరుకు, నోట్లో 'ఏమండీ, సత్రం ఎటు?' అనే ప్రశ్నతో బస్సు దిగే కొత్త మనుషులను చూస్తూనే మేము, అక్కాతమ్ముళ్ళం, పెరిగాము.

నాన్నకు బస్సులు ఆగే చోటికి దగ్గరలో సైకిలు దుకాణం ఉండేది. ఒక రాత్రి ఒక ముసలి దంపతులను మా వీధి కుర్రవాడొకడు రిక్షాలో ఎక్కించుకుని, పది నిమిషాల దారిని అరగంట తిప్పి, మూడింతల కిరాయి తీసుకున్నాడు. ఆ సంగతి తెలిసి నాన్న మరునాడు ఫజ్ర్ నమాజు కాగానే ఆ కుర్రవాడిని వెంటబెట్టుకుని సత్రానికి వెళ్ళి, ఎక్కువ తీసుకున్న డబ్బు అతని చేతనే తిరిగి ఇప్పించారు. దారిలో అతనితో అన్న మాట మాకు నేటికీ గుర్తు: "ఊరు చూపించమని అడిగినవాడికి ఊరే చూపించాలిరా. మన లేమిని చూపించకూడదు."

నాన్న ఇప్పుడు లేరు. ఆయన మాటలోని బరువు మాకు తెలియడానికి మేమే పరాయి ఊళ్ళో సంచీ పట్టుకుని నిలబడవలసి వచ్చింది. ఆ ఊరు మరేదో కాదు, మక్కా.

అమ్మ పదకొండేళ్ళ పాటు కుట్టుమిషను మీద కూడబెట్టిన సొమ్ముతో ఉమ్రాకు సంకల్పించింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కువ దూరం నడవలేదు. అందుకే మా మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా ఒక్కటే: బస హరమ్‌కు ఎంత దూరం? జుమా నమాజు తర్వాత తెలిసినవారు పరిచయం చేసిన ప్రయాణాల ఏజెంటు తడుముకోకుండా "నాలుగు వందల మీటర్లు" అన్నాడు. హోటలు పేరు అడిగాము. "ఆ స్థాయి హోటలే వస్తుంది, పేరు అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది" అన్నాడు. కాగితం మీద రాసిమ్మని అడగబోయాము. "దీన్ పనికి వెళ్తూ మనలో మనకు కాగితాలేమిటి?" అన్నాడు. ఆ మాటకు మేమే సిగ్గుపడి, మొత్తం డబ్బు ఇచ్చివేశాము.

ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుపడవలసింది అందుకు కాదనిపిస్తుంది. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వ ఆయత్, అప్పు లావాదేవీలను రాసి ఉంచుకోవడం గురించే అవతరించింది. విశ్వాసుల మధ్య రాతకోతలు అనుమానానికి గుర్తు అయితే అల్లాహ్ అంత వివరంగా ఆదేశించేవాడు కాదు. రాసుకోవడం ఇరువురినీ షైతాన్ నుంచి కాపాడే ఏర్పాటు. మేము మర్యాద పేరుతో ఆ ఏర్పాటును వదులుకున్నాము.

తణుకులో రైలెక్కి హైదరాబాదు చేరి, అక్కడి నుంచి జిద్దా మీదుగా మక్కా చేరేసరికి అర్ధరాత్రి దాటింది. బస్సు ఇబ్రాహీం ఖలీల్ రోడ్డు వెంట పోతూనే ఉంది. గడియారపు గోపురం మా వెనక చిన్నదవుతూ వచ్చింది. చివరకు ఒక కొండవాలు సందు మొదట్లో ఆపి, "పైకి నడవాలి, బస్సు ఎక్కదు" అన్నారు. గది నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు ఆ రాత్రి పనిచేయడం లేదు. మరునాడు ఫోనులో కొలిచి చూస్తే హరమ్ ప్రాంగణానికి నడక దారి రెండు కిలోమీటర్ల పైన ఉంది. అందులో సగం ఎగుడుదిగుడే.

తెల్లవారుజామున హరమ్ నుంచి ఫజ్ర్ అజాన్ గాలిలో సన్నగా వినిపించింది. అమ్మ ఇహ్రామ్ సంకల్పంతోనే మంచం అంచున కూర్చుని ఉంది. వాహనం ఇంకా రాలేదు. ఆ నమాజు గదిలోనే చేసుకుని, సలాం తిప్పాక ఒక్క మాట అంది: "ఇన్నేళ్ళు కుట్టింది ఈ గోడను చూడటానికా?" ఆమె ఎవరినీ నిందించలేదు. అందుకే ఆ మాట మాకు మరింత లోతుగా దిగింది.

ఉదయం ఎండ ముదిరాక హరమ్ చేరాము. కాబాను చూడగానే అమ్మ కళ్ళు నిండిపోయాయి. తవాఫ్ ఎలాగో నెమ్మదిగా పూర్తిచేసింది. సఫా, మర్వాల మధ్య ఏడు మార్లు నడవాలంటే సుమారు మూడు కిలోమీటర్లు. మేము చక్రాల కుర్చీ కోసం వెతుకుతుండగా ఒక యువకుడు ఉర్దూలో పలకరించి, కుర్చీ ముందుకు నెట్టాడు. ఎంత అని అడిగితే "మీ ఇష్టం, దుఆ చేయండి చాలు" అన్నాడు. నాలుగో మారు మర్వా దగ్గర ఆగి, "మూడు వందల రియాళ్ళు ఇస్తేనే ముందుకు" అన్నాడు. దిగి నడిచే శక్తి అమ్మకు లేదు. ఇచ్చాము. హరమ్‌లో చక్రాల కుర్చీలకూ, విద్యుత్ బండ్లకూ నిర్ణీత స్థలాలు, నిర్ణీత రుసుములు, గుర్తింపు దుస్తులు ధరించిన మనుషులు ఉంటారని మాకు మూడో రోజున గాని తెలియలేదు. ముందే అడిగి తెలుసుకుని ఉంటే ఆ బేరం మాకూ, ఆ పాపం అతనికీ తప్పేది.

మరో సాయంత్రం బస ఉన్న సందులో ఒక కారు మా పక్కన ఆగింది. లోపల స్త్రీ, ఇద్దరు పిల్లలు. పర్సు పోయిందని, పెట్రోలుకు డబ్బు లేదని ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మ తన చేతిసంచి లోంచి వంద రియాళ్ళు తీసి ఇచ్చింది. రెండు రోజుల తర్వాత అదే సందులో, అదే కారు, అదే కన్నీరు, మరొక వృద్ధ యాత్రికుని ముందు కనబడింది. మాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మాత్రం నిదానంగా ఇలా అంది: "నేను అల్లాహ్ కోసం ఇచ్చాను, అది ఎక్కడికీ పోదు. కానీ ఆ ముసలాయనకు మీరు చెప్పకపోతే మాత్రం మీ లెక్క వేరుగా ఉంటుంది." మేము వెళ్ళి ఆయనను పక్కకు పిలిచి చెప్పాము. కారు కదలిపోయింది.

అమ్మ మాటలో రెండు విషయాలున్నాయి. మోసపోయిన దాత ప్రతిఫలం వృథా కాదు. అయినా మోసాన్ని చూసి ఊరుకోవడం ధార్మికత కాదు. విశ్వాసి ఒకే కన్నంలో రెండుసార్లు కాటు వేయించుకోడని దైవప్రవక్త (స) బోధించారు. ఒంటెను కట్టకుండా అల్లాహ్‌పై భారం వేయనా అని అడిగిన వ్యక్తికి, ముందు దానిని కట్టి ఆ తర్వాత భారం వేయమని నేర్పారు. తవక్కుల్‌ను మేము ఎన్నో ప్రసంగాల్లో విన్నాము. కట్టవలసిన తాడు మాత్రం ఇంట్లోనే మరచి వచ్చాము.

మూడో రోజు రాత్రి ముగ్గురం కూర్చుని లెక్క చూసుకున్నాము. బంధువులకు ఖర్జూరాలు, జానమాజులు, అత్తరు కొనడానికి దాచిన సొమ్ము ఉంది. అజ్యాద్ వైపు, హరమ్ ప్రాంగణానికి నిజంగానే దగ్గరలో, చిన్న గది ఒకటి చూశాము. ఉన్న సొమ్ము మిగిలిన ఐదు రాత్రులకు సరిపోతుంది. కానుకలా, గదా? ఊరికి వట్టి చేతులతో ఎలా వెళ్తామని మేము తటపటాయించాము. అమ్మ తేల్చివేసింది: "చుట్టాలు ఖర్జూరం లేదని రెండు రోజులు అనుకుంటారు. నేను హరమ్‌లో ఫజ్ర్ లేదని చచ్చేదాకా అనుకుంటాను." ఆ ఐదు రోజులూ ఆమె ఐదు పూటలా తన కాళ్ళ మీద నడిచి వెళ్ళింది. అల్‌హమ్దులిల్లాహ్.

అలాంటి ఒక ఉదయం సఫా వైపు కూర్చుని ఉండగా అబూ ఖుబైస్ కొండ గురించి అమ్మకు చెప్పాము. ఇప్పుడు దాని మీద రాజభవనం ఉంది. ప్రవక్త (స)కు దైవదౌత్యం లభించక పూర్వం, ఆయన యౌవనంలో, యెమెన్‌లోని జబీద్ నుంచి ఒక వర్తకుడు సరుకుతో మక్కా వచ్చాడు. ఆస్ బిన్ వాయిల్ అనే ఖురైష్ ప్రముఖుడు ఆ సరుకు తీసుకుని డబ్బు ఎగవేశాడు. ఆ పరదేశికి ఊళ్ళో అయినవారు లేరు, అడిగినవారు లేరు. చివరకు అతను అబూ ఖుబైస్ కొండెక్కి, కాబా నీడలో కూర్చున్న ఖురైషులకు వినబడేలా తన గోడు చెప్పుకున్నాడు. ఆ కేకకు కదలినవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమై, మక్కాలో స్థానికుడైనా పరదేశి అయినా అన్యాయానికి గురైతే అతని హక్కు దక్కేవరకూ అందరూ అతని పక్షాన నిలవాలని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుదూల్. ఆ ప్రమాణంలో మన ప్రవక్త (స) పాల్గొన్నారు. దానిని ఎర్ర ఒంటెల సంపదకన్నా విలువైనదిగా భావించారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అటువంటి దానికి పిలిస్తే వెళ్తానని అన్నారు.

అమ్మ కొండ వైపు చాలాసేపు చూసి, "అయితే మోసపోయిన పరదేశి మనకన్నా ముందే ఇక్కడ నిలబడ్డాడన్నమాట" అంది.

అవును. యాత్రికుని అమాయకత్వం మీద బతికేవారు ఆనాటి నుంచీ ఉన్నారు. వారికి ఎదురు నిలిచినవారూ ఉన్నారు. హారూన్ రషీద్ భార్య జుబైదా కూఫా నుంచి మక్కా వరకు దారి వెంట బావులు, మజిలీలు కట్టించి, మక్కాకు నీటికాలువ తవ్వించింది. ఆ దారి ఆమె పేరుతోనే నిలిచింది. మన దేశంలో ఓడల కాలంలో బొంబాయి రేవులో దళారులు హాజీలను ఎంతగా పీడించేవారంటే, 1886లో ప్రభుత్వం యాత్ర ఏర్పాట్లను థామస్ కుక్ సంస్థకు అప్పగించింది. మరుసటి ఏడాది బొంబాయిలో యాత్రికుల రక్షణకు చట్టం వచ్చింది. అంతకు ముందు 1880లో, 'జెడ్డా' అనే ఓడ తొమ్మిది వందలకు పైగా హాజీలతో వెళ్తూ తుపానులో చిక్కుకుంటే, కెప్టెను, అధికారులు వారిని సముద్రంలో వదిలి తమ దారి చూసుకున్నారు. మరో ఓడ దానిని ఏడెన్ చేర్చింది. హైదరాబాద్ సంస్థానపు యాత్రికులు తల దాచుకోవడానికి మక్కాలో నిజాం కాలపు రుబాత్ ఉంది. మన గోదావరి జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నందువల్ల మన తాతలకు ఆ నీడ లేదు.

నేటి కాలంలో మోసపు ఖరీదు ఇంకా ఎక్కువ. 2024 జూన్‌లో జరిగిన హజ్జ్‌లో మక్కా ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది. ఆ యాత్రలో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది హజ్జ్ అనుమతి లేకుండా వచ్చినవారు. అనుమతి లేనందువల్ల వారికి చల్లని గుడారాలు లేవు, బస్సులు లేవు. నిప్పులు చెరిగే ఎండలో మైళ్ళకొద్దీ నడిచారు. ఆ తర్వాత ఈజిప్టు ప్రభుత్వం 16 ప్రయాణ సంస్థల లైసెన్సులు రద్దు చేసింది. సందర్శక వీసా మీద పంపి 'హజ్జ్ చేయిస్తాము' అనే మాటను నమ్మడం ఎంతటి ప్రమాదమో ఇంతకన్నా వేరే చెప్పనక్కరలేదు. హజ్జ్‌కు వెళ్ళగోరేవారు హజ్ కమిటీ ద్వారా గాని, భారత ప్రభుత్వ మైనారిటీ వ్యవహారాల శాఖ వద్ద నమోదైన సంస్థ ద్వారా గాని మాత్రమే వెళ్ళాలి.

ఉమ్రాకు వెళ్ళే కుటుంబాలకు మా అనుభవం నేర్పిన నాలుగు మాటలు చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాము. డబ్బు కట్టకముందే హోటలు పేరు, గదిలో ఎంతమంది, ఎన్ని రాత్రులు, తిరిగి వచ్చే తేదీ కాగితం మీద రాయించుకోవాలి. 'అదే స్థాయి హోటలు' అనే మాటను ఒప్పుకోకూడదు. ఆ పేరును ఫోనులోని పటంలో పెట్టి హరమ్ ప్రాంగణం వరకు నడక దారి కొలవాలి. తిన్నటి గీత కొలిస్తే కొండ కనబడదు. మక్కా కొండల ఊరు, అక్కడ మీటర్ల కన్నా ఎత్తుపల్లాలు ముఖ్యం. అజీజియా వంటి దూరపు ప్రాంతాల్లో బస చౌకగా దొరుకుతుంది. వయసులో ఉన్నవారికి అది చాలు. కానీ నమాజు వేళల్లో హరమ్ సమీపపు దారుల్లో వాహనాలను ఆపివేస్తారు కాబట్టి, 'బస్సు ఉంది' అన్న హామీ మీద వృద్ధులను అంత దూరంలో ఉంచకూడదు. పదిహేను రాత్రులు దూరంగా ఉండటం కన్నా పది రాత్రులు దగ్గరగా ఉండటం మేలు. మదీనాలో మస్జిదె నబవీ చుట్టూ ఉన్న మర్కజియా ప్రాంతం చదును నేల. అక్కడ స్త్రీల ప్రవేశ ద్వారాలకు దగ్గర వైపున గది అడిగితే ఇంటి ఆడవాళ్ళకు తెల్లవారుజామున వెళ్ళిరావడం సులువు.

టాక్సీ ఎక్కేముందే కిరాయి తేల్చుకోవాలి. 'మీ ఇష్టం' అన్న మాటే అన్నిటికన్నా ఖరీదైన బేరం. మక్కా నుంచి మదీనాకు 2018 నుంచి హరమైన్ రైలు నడుస్తున్నది. టికెట్టు ధర ముందే తెలుస్తుంది. రౌజాలో నమాజుకు అనుమతి నుసుక్ యాప్‌లో ఉచితంగా లభిస్తుంది. దానిని అమ్మేవారు ఎవరైనా మోసగాళ్ళే. ఖుర్బానీ కూపన్లంటూ దారిలో రసీదులు చూపేవారికి కాక, అదాహీ వంటి అధికారిక ఏర్పాటుకే డబ్బు చెల్లించాలి. డబ్బును రెండు మూడు చోట్ల ఉంచుకోవాలి. హోటలు కార్డు ఒకటి వృద్ధుల మెడలోని సంచిలో తప్పక ఉండాలి. ఎందుకంటే తప్పిపోయిన మనిషికి ఊరి పేరు గుర్తున్నా హోటలు పేరు గుర్తుండదు.

తిరిగి వచ్చాక ఆ ఏజెంటు దగ్గరకు వెళ్ళాము. "రద్దీ కాలం, ఏం చేస్తాం" అన్నాడు. రాతపూర్వకంగా ఏమీ లేదు కాబట్టి మా వాదన అతని గుమ్మం దాటలేదు. అమ్మ ఆ మనిషిని శపించనివ్వలేదు. మేమూ ఆ విషయం అక్కడితో వదిలివేద్దామనుకున్నాము.

కానీ నెల తిరగకముందే పక్క వీధిలోని ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటి పెద్దాయనకు గుండె జబ్బు. అదే మనిషికి రేపు బయానా ఇవ్వబోతున్నామని, మాకెలా జరిగిందో చెప్పమని అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. చెబితే గీబత్ అవుతుందా? చెప్పకపోతే? ఆ రాత్రి మాకు ఫాతిమా బింతె ఖైస్ (రజి) గారి సంఘటన గుర్తొచ్చింది. తనకు వచ్చిన రెండు వివాహ ప్రతిపాదనల గురించి ఆమె సలహా అడిగితే, ప్రవక్త (స) ఆ ఇద్దరిలోని లోటును ఆమెకు దాచకుండా చెప్పారు. సలహా అడిగినవారికి, వారి అవసరం మేరకు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం అమానత్. అవసరానికి మించి ఒక్క మాట అన్నా అది గీబత్. ఆ గీత మీద నిలబడి, మరునాడు వారికి మూడే సంగతులు చెప్పాము: చెప్పిన దూరం, కొలిచిన దూరం, రాత లేకపోవడం. అతని నడవడి గురించి, సంపాదన గురించి ఏమీ అనలేదు. వారు హోటలు పేరు కాగితం మీద కావాలని పట్టుబట్టారు. అతను ఇవ్వలేదు. వారు వేరే చోట చూసుకున్నారు.

తడిసిన ధాన్యాన్ని కింద దాచి పొడి గింజలు పైన పోసిన వర్తకుని కుప్పలో చేయి పెట్టి, ప్రవక్త (స) ఆ తడిని అందరి ముందుకు తెచ్చిన సంఘటన మనకందరికీ తెలుసు. వరి పండించే మా ప్రాంతంలో తడిసిన ధాన్యం అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. 'నాలుగు వందల మీటర్లు' అన్న మాట పైన పోసిన పొడి గింజలే. ఆ కుప్పలో చేయి పెట్టి చూడటం మన పని. చూసిన తడిని అడిగినవారికి చెప్పడం కూడా మన పనే.

మొన్న ఒక సాయంత్రం చినుకులు పడుతుండగా, అనంతపురం నుంచి వచ్చిన ఒక వృద్ధ జంట బస్సు దిగి మా గుమ్మం ముందు నిలబడి, "ఏమండీ, సత్రం ఎటు?" అని అడిగారు. అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "దారి చెప్పడం కాదు, తీసుకెళ్ళి దింపి రండి. గది చూసి, దుప్పటి ఉందో లేదో అడిగి మరీ రండి" అంది. మేము వారి సంచులు అందుకున్నాము. సత్రానికి మా ఇంటి నుంచి దూరం, తిరిగి వస్తూ అనుకోకుండా కొలిచాము. నాలుగు వందల మీటర్లకు కొంచెం తక్కువే.

దారిలో ఉన్న ప్రతి మనిషికీ అల్లాహ్ నమ్మదగిన మనిషిని ఎదురు పంపుగాక. ఎదురుపడిన ప్రతిసారీ ఆ నమ్మదగిన మనిషిగా మనల్ని నిలుపుగాక. ఆమీన్.